చదివితే ఏమొస్తది?

వసంత పంచమి నాడు బాసర వెళ్లే రైళ్లూ బస్సులూ కిటకిటలాడతాయి. నిర్మల్ జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ సరస్వతీ ఆలయానికి తెలంగాణ జిల్లాల నుంచే కాక పొరుగునే ఉన్న మహారాష్ట్ర నుంచి కూడా పిల్లలను వెంటబెట్టుకుని జనం వస్తారు. అక్షరాభ్యాసం వరుసలో డాక్టర్లు, వ్యాపారులు ఉంటారు. వాళ్ల పక్కనే బీడీలు చుట్టే తల్లులు, కూలికి పోయే తండ్రులు కూడా ఉంటారు. పలక, బలపం, పళ్లెంలో బియ్యం అందరికీ ఒకటే. పిల్లవాడి వేలు పట్టుకుని మొదటి అక్షరం దిద్దించే వేళ ‘దీనివల్ల ఏమొస్తుంది?’ అని ఏ తల్లీ అడగదు.

పదేళ్లు గడిచాక అలాంటి ఇళ్లలో కొన్నింట ఆ ప్రశ్న వినిపిస్తుంది. ‘చదివితే ఏమొస్తది?’ ‘చదివి ఎవరిని ఉద్ధరించాలి?’ ‘మన ఇంటికి చదువు అచ్చిరాదు.’ పదో తరగతి తప్పిన కొడుకును సెంట్రింగ్ పనికి పంపేటప్పుడు, ఇంటర్ సగంలో ఉన్న కూతురికి సంబంధం చూసేటప్పుడు ఈ మాటలు వస్తాయి. విన్నవాళ్లు, వాళ్లు పంతుళ్లు కావచ్చు, అధికారులు కావచ్చు, వెంటనే ఒక తీర్పు ఇచ్చేస్తారు: వీళ్లకు చదువు విలువ తెలియదు.

ఆ తీర్పును కాసేపు పక్కన పెట్టి చూడాలి. ఐదేళ్ల పిల్లకు అక్షరం దిద్దించిన నాడు ఆ తల్లికి తెలిసిన విలువ, పిల్లకు పదిహేనేళ్లు వచ్చేసరికి ఎటు పోయింది? మనిషి నమ్మకాలు అతని బుద్ధిలోంచి పుడతాయా, అతని ముందు తెరిచి ఉన్న దారుల్లోంచి పుడతాయా అన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్న. పేద ఇళ్లలో చదువు మీద ఉన్న నమ్మకాన్ని పరిశీలిస్తే ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. 1996లో బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్ పల్లెల్లో కొందరు పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను అడిగారు. ‘ప్రోబ్’ నివేదికగా పేరుపడిన ఆ అధ్యయనం 1999లో వెలువడింది. మగపిల్లలకు చదువు అవసరమని 98 శాతం మంది చెప్పారు, ఆడపిల్లలకు అవసరమని 89 శాతం మంది చెప్పారు. అప్పట్లో దేశంలో అక్షరాస్యత బాగా వెనుకబడిన రాష్ట్రాలు ఆ జాబితాలో ఎక్కువ. అదే బృందం బడులకు వెళ్లి చూస్తే దాదాపు సగం చోట్ల ఆ సమయానికి పాఠమే జరగడం లేదు. కోరిక ఇంట్లో ఉంది, కొరత బడిలో ఉంది. అయినా ‘వాళ్లకు ఆసక్తి లేదు’ అన్న మాటే దశాబ్దాలుగా చెలామణీ అవుతూ వచ్చింది.

పేదవాడికి చదువు మీద కోరిక లేదనే ఈ మాట అంత పాతదేమీ కాదు. పాత శాస్త్రం మరో మాట చెప్పింది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో, శూద్రులకు వేదవిద్యలో అధికారం ఉందా లేదా అన్న చర్చ వస్తుంది. శంకరుల భాష్యంలో పూర్వపక్షి వాదన సూటిగా ఉంటుంది: వాళ్లకూ కోరిక ఉంది, నేర్చుకునే శక్తీ ఉంది, కాబట్టి అధికారం ఉండాలి. సిద్ధాంతం దాన్ని తోసిపుచ్చుతుంది. కోరిక ఉన్నంత మాత్రాన చాలదు, లోకంలో కనిపించే శక్తి ఉన్నంత మాత్రానా చాలదు, శాస్త్రం ఇచ్చిన అర్హత ఉండాలి. ఉపనయనం లేదు గనుక వేదాధ్యయనం లేదు, అందువల్ల ఆ అర్హతా లేదు. ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం పొందవచ్చని మాత్రం ఒప్పుకుంటుంది.

ఈ చర్చలో గమనించాల్సింది ఒకటుంది. తలుపు మూసినవాళ్లు కూడా బయట నిలబడ్డవాళ్లకు కోరిక లేదని అనలేదు. కోరిక, శక్తి, అర్హత అని మూడింటినీ విడదీసి చూశారు. ఆ కాలపు సమాజం అర్హత దగ్గర అడ్డు కట్టింది. ఈనాడు రాజ్యాంగం ఆ అడ్డును తీసేసింది. తీసేశాక కూడా బడి ఖాళీగా కనిపిస్తే, లోపం కోరికలో ఉందని చెప్పడం సులువైపోయింది. అర్హత కాగితం మీద వచ్చినా, దాన్ని వాడుకునే దారి వచ్చిందా అన్న ప్రశ్న వెనక్కి వెళ్లిపోయింది.

ఆ ప్రశ్నను 1882లోనే, విద్య మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు పెట్టినవాడు జోతిరావు ఫూలే. రైతుల దగ్గరి నుంచి పన్నులు వసూలు చేసి, ఆ డబ్బును పై కులాల ఉన్నత చదువులకు ఖర్చు చేస్తున్నారని ఆయన తన వాంగ్మూలంలో నిలదీశారు. పశువులు కాయడానికి, పొలం పనికి పిల్లలు కావాల్సిన ఇళ్ల నుంచి బడికి రావాలంటే ఉపకార వేతనాలు, బహుమతులు వంటి ప్రోత్సాహం ఉండాలని కోరారు. ‘వాళ్లను ఒప్పించండి’ అనలేదు. వాళ్లకు వీలయ్యే ఏర్పాటు చేయమన్నారు. 1911లో గోపాలకృష్ణ గోఖలే బ్రిటిష్ ఇండియా శాసనసభలో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు తెచ్చినప్పుడు దాన్ని 1912లో ఓడించింది పేదలు కాదు, ఆ సభలో పేదలు లేనే లేరు. దేశంలో బాలకార్మికత ఎందుకు పోలేదో పరిశీలించిన అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1991లో రాసిన పుస్తకంలో ఇదే తేల్చారు: అడ్డుపడింది పేదరికం కంటే, పేదల పిల్లలకు చదువు అంత అవసరం లేదన్న పై వర్గాల నమ్మకం.

ఇక తలరాత సంగతి. ‘రాసిపెట్టి ఉండాలి’, ‘మా నుదుట లేదు’ అన్న మాటలు పేద ఇళ్లలో వినిపిస్తాయి. వీటిని పట్టుకుని, కర్మ సిద్ధాంతమే పేదవాడిని చదువుకు దూరం చేసిందని చెప్పేవాళ్లున్నారు. ఈ మాటలు ఎప్పుడు వస్తాయో చూడాలి. పిల్లను బడిలో వేసేటప్పుడు ఎవరూ అనరు. ఫీజు కట్టలేక మానిపించాక, సీటు రాక ఇంట్లో కూర్చున్నాక, ఉద్యోగానికి మధ్యవర్తి అడిగిన డబ్బు పుట్టక చేయి జారాక అంటారు. ఆ తండ్రికి తలరాత జరిగిపోయినదాన్ని ఓర్చుకోవడానికి దొరికిన ఆసరా. తన తప్పు వల్ల పిల్ల చదువు ఆగిపోయిందనుకుంటూ బతకడం కంటే, రాత బాగాలేదనుకుంటే బతుకు సాగుతుంది.

అయితే అదే మాట పై నుంచి వస్తే వేరే పని చేస్తుంది. అంబేద్కర్ మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ విషయం మీద గట్టి విమర్శ ఉంది. పూర్వజన్మ కర్మ వల్లే ఈ జన్మలో పేదరికం అన్న సిద్ధాంతం రాజ్యాన్నీ సమాజాన్నీ బాధ్యత నుంచి తప్పిస్తుందని, అంతకు మించి దానికి ప్రయోజనం కనిపించదని ఆయన వాదించారు. కూలి తల్లి నోట వచ్చే ‘రాత’నూ, అధికారం ఉన్నవాడి నోట వచ్చే ‘రాత’నూ ఒకే నమ్మకంగా లెక్కగట్టకూడదు. ఆమెకది ఓదార్పు. అతనికది బాధ్యత నుంచి తప్పుకునే వీలు.

మరి ‘చదివితే ఏమొస్తది’ అన్న మాట అజ్ఞానం కాదు, కర్మ సిద్ధాంతమూ కాదు అంటే, అదేమిటి? దానికి జవాబు మన తర్కశాస్త్రంలో ఉంది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈనాటికీ న్యాయశాస్త్రంలో తొలి పాఠ్యగ్రంథం. అందులో అనుమాన ప్రమాణం (ఒకదాన్ని చూసి మరొకదాన్ని ఊహించి తేల్చడం) గురించి వివరించేటప్పుడు ‘ఉపాధి’ అనే దోషం వస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం సరైన అనుమానం. దాన్ని తిరగేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుతో పాటు తడి కట్టె ఉంటేనే పొగ వస్తుంది. ఆ తడి కట్టే ఇక్కడ ఉపాధి: పైకి కనబడకుండా ఫలితాన్ని నిర్ణయించే షరతు.

పుట్టినప్పటి నుంచీ తడి కట్టెలతోనే వండుకునే ఇంట్లో ‘నిప్పంటే పొగే’ అన్న నమ్మకం సహజంగా ఏర్పడుతుంది. వాళ్లు చూసినదాంట్లో అబద్ధం లేదు. ఆలోచించడమూ వాళ్లకు చేతకాక కాదు. పొడి కట్టె వాళ్ల చేతికి ఎన్నడూ అందలేదు. పేద ఇంట్లో చదువు గురించిన నమ్మకం సరిగ్గా ఇలాంటి అనుమానం. చూసినవాటి మీద కట్టుకున్నదే. దాని అడుగున చెప్పకుండా ఉండిపోయిన షరతు ఒకటుంది: దారులు మూసి ఉన్నంతకాలం.

చూసినవి ఏమిటో కూడా చెప్పుకోవాలి. పేదల కాలనీలో మొదట డిగ్రీ పాసైన కుర్రాడు పోటీ పరీక్షలు రాసి రాసి వయసు దాటాక ఆటో తోలుతూ ఉంటాడు. బడి మానేసి అతని కంటే ముందే మేస్త్రీ దగ్గర చేరినవాడికి ఈలోగా చేతిలో పని, సంపాదన ఉంటాయి. ఉద్యోగ సర్వేలు కూడా ఈ దృశ్యానికి సాక్ష్యమిస్తాయి: మన దేశంలో నిరుద్యోగ రేటు చదువురానివాళ్లలో తక్కువ, పట్టభద్రుల్లో ఎక్కువ. చదువురానివాడు ఏ కూలికైనా పోక తప్పదు కాబట్టి అతను నిరుద్యోగుల లెక్కలోకి రాడు. చదువుకున్నవాడు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు. పట్టభద్రుల జీతాలు సగటున ఎక్కువే అన్నది నిజం. ఆ సగటు పెరిగింది నగరాల్లో, బంధువుల చేయూత ఉన్న ఇళ్లలో. కాలనీ నుంచి చూస్తే ఆ సగటు కనిపించదు, ఆటో కనిపిస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లాలో క్రెయిగ్ జెఫ్రీ, పాట్రీషియా జెఫరీ, రోజర్ జెఫరీ చేసిన అధ్యయనం 2008లో ‘డిగ్రీస్ వితవుట్ ఫ్రీడమ్?’ పేరుతో పుస్తకంగా వచ్చింది. అక్కడి దళిత యువకులు పట్టుదలగా చదువుకున్నారు. చదువు వాళ్లకు ఆత్మగౌరవం ఇచ్చింది, మాట తీరు ఇచ్చింది, నలుగురిలో నిలబడే ధైర్యం ఇచ్చింది. జీతం ఉన్న ఉద్యోగం మాత్రం చాలామందికి అందలేదు. పలుకుబడి, లంచానికి డబ్బు, పరిచయాలు ఉన్న కులాలవారు ముందే ఆ కుర్చీలు అందుకున్నారు. ఆ ఊళ్లలో తమ్ముళ్లను చదివించాలా వద్దా అన్న సందేహం ఇలాంటి అన్నలను చూసి పుట్టింది.

ఈ అనుమానం పిల్లల మనసులోకి ఎంత చిన్న వయసులో దిగుతుందో చెప్పే ప్రయోగం కూడా ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు 642 మందికి కాగితం మీద చిక్కుదారులు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. సగం మంది పై కులాలవాళ్లు, సగం మంది దళితులు. ఎవరి కులమూ చెప్పనప్పుడు రెండు వర్గాల మధ్య పెద్ద తేడా లేదు. అందరి ఎదుటా పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితాలు గణనీయంగా పడిపోయాయి. బహుమతి ఎవరికి వెళ్లాలన్నది చీటీ తీసి నిర్ణయించే పద్ధతి పెట్టినప్పుడు ఆ తేడా మాయమైంది. మనిషి తీర్పు మధ్యలో లేకపోతే ఆ పిల్లలు మళ్లీ గట్టిగా ప్రయత్నించారు. తమ శ్రమకు న్యాయమైన ఫలం రాదన్న అంచనా పన్నెండేళ్లకే స్థిరపడింది. ఆ అంచనాను వాళ్లకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఇక్కడ ఒక తీవ్రమైన అభ్యంతరం ఎదురవుతుంది. పేదవాడి నమ్మకం సరైన అనుమానమే అయితే, దాన్ని గౌరవించి వదిలేయాలా? తత్త్వవేత్త యాన్ ఎల్‌స్టర్ 1983లో ‘సోర్ గ్రేప్స్’ పేరుతో ఒక పుస్తకమే రాశారు, అందని ద్రాక్ష పుల్లన అన్న నక్క కథ ఆధారంగా. మనిషి తన అందుబాటును బట్టి కోరికలనే కుదించుకుంటాడని, అలా కుదించిన కోరికలను అతని స్వేచ్ఛకు గుర్తుగా లెక్కించలేమని ఆయన వాదన. అమర్త్య సేన్ దానికి బెంగాల్ నుంచి ఉదాహరణ ఇచ్చారు. 1944లో, బెంగాల్ కరువు మరుసటి ఏడాది, కలకత్తా దగ్గరి సింగూర్‌లో ఆరోగ్య సర్వే జరిగింది. తమ ఆరోగ్యం బాగాలేదని భార్యను కోల్పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది చెప్పారు. వితంతువుల్లో అలా చెప్పింది 2.5 శాతం మంది మాత్రమే. ఆ స్త్రీలు నిజంగా ఆరోగ్యంగా లేరు. తమ బాధను బాధగా లెక్కించుకునే అలవాటే వాళ్లకు లేకుండా పోయింది.

మార్తా నుస్‌బామ్ 2000లో వచ్చిన తన పుస్తకంలో తెలుగు నేల నుంచి ఇలాంటి ఉదాహరణ ఇచ్చారు. మహబూబ్‌నగర్ దగ్గరి కరువు పల్లెల్లో పోషణ లేక, నమ్మకంగా మంచినీళ్లు దొరకక బతుకుతున్న స్త్రీలు తమ స్థితి అన్యాయమని మొదట అనుకోలేదు. మహిళా చైతన్యం కోసం ప్రభుత్వం నడిపిన కార్యక్రమం ఆ ఊళ్లకు చేరాక అదే స్త్రీలు నీళ్లు, కరెంటు, ఆరోగ్య కార్యకర్త కావాలని అడగడం మొదలుపెట్టారు. వాళ్ల కోరికను బయటివాళ్లు తెచ్చి ఇవ్వలేదు. అది అడగదగిన కోరికేనన్న ఊహ కొత్తగా వచ్చింది.

ఎల్‌స్టర్ వాదనలో ఒక ప్రమాదం ఉంది. ‘నీ కోరిక నీది కాదు’ అని పేదవాడికి చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఆ మాట పట్టుకుంటే అతని మాట వినాల్సిన పనే లేకుండా పోతుంది. తర్కసంగ్రహం చూపిన దారి అంతకంటే న్యాయంగా ఉంటుంది. అనుమానంలో ఉపాధి ఉందని చూపించినవాడు ఎదుటివాడి బుద్ధిని తక్కువ చేయడం లేదు. అతను చూసినదాన్ని ఒప్పుకుంటూనే, చూడని షరతును ముందుకు తెస్తున్నాడు. పేదల నమ్మకాలతో వ్యవహరించాల్సిన పద్ధతి కూడా ఇదే: మాటను కొట్టిపారేయకుండా, ఆ మాట కింద ఉన్న షరతును తొలగించి చూడటం.

తొలగించి చూసిన సందర్భాలు ఉన్నాయి. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొన్ని పల్లెలను చీటీ పద్ధతిలో ఎంచుకున్నారు. అక్కడికి కాల్ సెంటర్ల వంటి ఉద్యోగాలకు ఆడపిల్లలను ఎంపిక చేసే నియామక ఏజెంట్లను మూడేళ్లపాటు పంపే ఏర్పాటు చేశారు. చదువు గొప్పదని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఉద్యోగానికి దారి ఊళ్లోకి వచ్చింది, అంతే. ఆ ఊళ్లలో యువతుల పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి. చిన్న ఆడపిల్లల్లో బడికి వెళ్లేవాళ్లు పెరిగారు, వాళ్ల తిండి, బరువు కూడా మెరుగుపడ్డాయి. పదేళ్ల పిల్లకు ఆ ఉద్యోగం రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లుంది. తల్లిదండ్రులు ఆ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. సర్పంచ్ పదవి వరుసగా రెండుసార్లు స్త్రీలకు రిజర్వ్ అయిన ఊళ్లలో, కొడుకుల భవిష్యత్తు మీద ఆశకూ కూతుళ్ల భవిష్యత్తు మీద ఆశకూ మధ్య తల్లిదండ్రుల్లో ఉన్న తేడా స్పష్టంగా తగ్గింది. కౌమారంలో ఉన్న పిల్లల్లో అదే తేడా 32 శాతం తగ్గింది. చదువులో ఆడపిల్లల వెనుకబాటు ఆ ఊళ్లలో కనిపించకుండా పోయింది. అక్కడ కొత్త ఉద్యోగాలు రాలేదు. పంచాయతీ కుర్చీలో తమలాంటి స్త్రీ కూర్చోవడం ఆ ఇళ్లు కళ్లారా చూశాయి.

తెలుగు నేల మీద దీనికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం రంగారెడ్డి జిల్లాది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో శాంతా సిన్హా నాయకత్వంలో అక్కడ పని మొదలుపెట్టింది. భూస్వాముల దగ్గర జీతం ఉన్న పిల్లలు, పశువులు కాసే పిల్లలు, పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పనికి పోయే ఆడపిల్లలు అక్కడ ఉండేవారు. అప్పటి పండిత వాదన ఏమిటంటే, పేదరికం పోతే తప్ప ఈ పిల్లలు బడికి రారని, అప్పటివరకు పనితో పాటు రాత్రి బడి చాలని. సంస్థ ఆ వాదనను పూర్తిగా తిరస్కరించింది. ఏ పిల్లా పని చేయకూడదు, ప్రతి పిల్లా పగటి బడిలోనే ఉండాలి అన్నది వాళ్ల నియమం. వయసు మీరిన పిల్లలకు శిబిరాలు పెట్టి, చదువు అందుకునేలా చేసి, వాళ్ల వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. ప్రభుత్వ ఉపాధ్యాయులే బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి ముందుకొచ్చారు. ఆ తల్లిదండ్రుల్లో కూలి ఆదాయం వదులుకోవడానికి సిద్ధపడినవాళ్లే ఎక్కువగా కనిపించారు. వాళ్లను ఆపుతూ వచ్చింది వేరే: పుట్టిన తేదీ కాగితం, బదిలీ పత్రం, చేర్చుకోను పొమ్మన్న మాట, బడి గడప దగ్గర ఎదురైన అవమానం. వాటిని ఎవరో ఒకరు పక్కన నిలబడి దాటిస్తే, ‘మన పిల్లకు చదువెందుకు’ అన్న ఇంటి నుంచే పిల్ల బడికి వచ్చింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, ఆ తర్వాత జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు అయ్యారు.

అడ్డు తీయకుండా మాటలు మాత్రమే అందిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. జెన్సెన్‌దే మరో ప్రయోగం డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగింది. ఎనిమిదో తరగతి మగపిల్లలు హైస్కూల్ చదువు వల్ల వచ్చే ఆదాయాన్ని నిజం కంటే చాలా తక్కువగా ఊహిస్తున్నారని ఆయన గమనించారు. కొందరికి అసలు లెక్కలు చెప్పారు. ఆ పిల్లలు తర్వాతి నాలుగేళ్లలో సగటున 0.20 నుంచి 0.35 ఏడాది ఎక్కువ చదివారు. కానీ ఆ మేలు కాస్త కలిగిన ఇళ్ల పిల్లలకే చేరింది. అతి పేద పిల్లల నమ్మకం మారింది, చదువు మాత్రం పెరగలేదు. వాళ్లకు ఫీజు, పూట గడవడం అనే అడ్డంకులు అలాగే ఉన్నాయి. పేదల మనసు మార్చడానికి పోస్టర్లు వేసే ప్రభుత్వాలు చదవాల్సిన ఫలితం ఇది.

దారులు కొద్దిగానే తెరిచినప్పుడు మరో నమ్మకం పుడుతుంది: ‘వీడికి బుర్ర ఉంది, వీడిని చదివిద్దాం.’ ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక్కరిని ఎంచి, ఉన్నదంతా ఆ ఒక్కరి మీద పెడతారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2011లో రాసిన ‘పూర్ ఎకనామిక్స్’లో దీన్ని వివరించారు. కొద్దిపాటి చదువు వల్ల లాభం లేదని, చివరిదాకా వెళ్లి ప్రభుత్వ ఉద్యోగం కొడితేనే లాభమని నమ్మే తల్లిదండ్రులకు చదువు లాటరీలా కనిపిస్తుంది. ఆ ఎంపిక సాధారణంగా చిన్న వయసులోనే జరిగిపోతుంది, ఎక్కువసార్లు ఆడపిల్ల పక్కకు జరుగుతుంది. బుర్ర లేదని తేల్చిన పిల్ల ఆ మాటనే నిజం చేసుకుంటూ పెరుగుతుంది. ఈ కాలపు తలరాత ఇదే, ఇంట్లోవాళ్లే ప్రేమతో రాసేది.

1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ఈ లాటరీని పేదవాడి వైపు కొంత తిప్పింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి 13 ఏళ్లు. నిజామాబాద్ జిల్లాలో వ్యవసాయ కూలీల కూతురు, సాంఘిక సంక్షేమ గురుకులంలో విద్యార్థిని. ఆమె శిఖరం మీద నిలబడ్డ ఫొటో ఎన్నో తండాలకు చేరింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి గ్రేడ్ల ఆధారంగా సీట్లిస్తూ, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు 0.4 గ్రేడ్ పాయింట్లు అదనంగా కలిపాయి. పిల్ల చదివిన బడిలో లేనివాటిని లెక్కలోకి తీసుకున్న నియమం అది. ఊళ్లో ఒక్క పిల్లకు అక్కడ సీటు వస్తే ఆ ఏడాది పదో తరగతి పిల్లలున్న ఇళ్లన్నీ మాట్లాడుకుంటాయి. అయినా సీట్లు కొన్నే. సీటు రానివాళ్ల బడి ఎలా ఉందన్నదే ఎక్కువ మంది పిల్లలకు సంబంధించిన ప్రశ్న.

ఇదంతా ఉద్యోగం లెక్కలోనే మాట్లాడుకుంటే మరో అన్యాయం జరుగుతుంది. చదువు విలువ జీతంతోనే తేలుతుందన్నది కలిగినవాళ్లు కూడా నమ్మే మాట, పేదలు మాత్రమే నమ్మేది కాదు. దీనికి భిన్నమైన సాక్ష్యం నెల్లూరు జిల్లాలో ఉంది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని చదువుకున్న కూలి స్త్రీలకు ఎదురైన పాఠాల్లో సారా వల్ల కూలిపోయిన కాపురాల కథ ఉంది. అది వాళ్ల కథే. దూబగుంటలో స్త్రీలు ఏకమై సారా అంగడి మూయించారు. అక్కడి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ స్త్రీలలో ఎవరికీ చదువు వల్ల ఉద్యోగం రాలేదు. వాళ్లెవరూ ‘చదివితే ఏమొచ్చింది’ అనలేదు. నేర్చుకున్న అక్షరం మరునాడే వాళ్ల చేతిలో పనిచేసింది.

తెరిచిన తలుపు మళ్లీ మూసుకుంటే నమ్మకం మొదటికంటే గట్టిగా వెనక్కి తిరుగుతుంది. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ చదువు పేద ఇళ్లకూ అందింది, కళాశాలలు దాదాపు 700కు చేరాయి. ఎందరో ఆ చదువుతో నిలదొక్కుకున్నారు. అధ్యాపకులు, ప్రయోగశాలలు సరిగా లేని కళాశాలల నుంచి పట్టా తీసుకుని ఊరికి తిరిగొచ్చినవాళ్లూ తక్కువేమీ కాదు. మొదటి తరం చదువరి ఇలా తిరిగొస్తే దాని ధర ఆ ఒక్క ఇంటితో ఆగదు. ‘బీటెక్ చేసి ఏం చేస్తున్నాడో చూడు’ అన్న మాట వీధిలో ఉన్న చిన్న పిల్లలందరి చదువు మీద పడుతుంది. నాసిరకం చదువు అమ్మినవాడు ఒక విద్యార్థిని మోసం చేశాడని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఒక వీధి మొత్తం నమ్మకాన్ని అతను పాడుచేశాడు.

ఈ లెక్కలో చట్టం కూడా ఒక సాక్షి. 2002లో రాజ్యాంగంలో చేరిన 21ఏ అధికరణం, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసుకు మాత్రమే హామీ ఇస్తాయి. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ 14 ఏళ్లు దాటినవాళ్లను ప్రమాదకరం కాని పనుల్లోకి అనుమతిస్తుంది. రెండు గీతలూ ఒకేచోట గీశారు. సరిగ్గా తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ మధ్యలో, అంటే ఇంట్లో ‘చదివితే ఏమొస్తది’ అన్న ప్రశ్న పుట్టే వయసులో, రాజ్యం ఆ తల్లిదండ్రులకు చెబుతున్నది ఇది: ఇక్కడి నుంచి నీ ఇష్టం, నీ స్తోమత. 2020 నాటి జాతీయ విద్యావిధానం 18 ఏళ్ల వరకు అందరికీ చదువు అందాలని లక్ష్యం పెట్టుకుంది. చట్టంలో హామీ ఇంకా 14 దగ్గరే ఉంది. దాన్ని 18కి జరిపి, ఊరికి అందుబాటులో మంచి ప్రభుత్వ జూనియర్ కళాశాల పెట్టి, ఆడపిల్ల చీకటి పడకముందే ఇల్లు చేరే బస్సు వేస్తే, ఆ ఇళ్లలో చదువు గురించి ఏం మాట్లాడుకుంటారో అప్పుడు వినాలి. ఆ ఏర్పాటు చేయకుండా పేదవాడి నమ్మకాల మీద తీర్పు చెప్పే హక్కు బయటివాళ్లకు లేదు.